ఉమ్మడి చోటు, ఏడో నెల

జూలై 30

డిస్కుల పెట్టెలు వచ్చాయి. ఆర్నెల్లు కాళ్ళావేళ్ళా పడితే ఇవాళ్టికి వచ్చాయి. సర్వర్ గది బయట నడవాలో, మంచినీళ్ళ యంత్రం పక్కన పేర్చి వెళ్ళారు. స్క్రూడ్రైవర్ అప్పుడే జేబులో వేసుకున్నాను. నేనే బిగిస్తాను, సగం రోజు పని, ఎవరి పనీ ఆగదు అని తూ గారికి చెప్పాను.

ఆయన ఫోను తీసి పంచాంగం చూశాడు. ప్రకటనలకీ సీరియళ్ళకీ యానిమేషన్ బొమ్మలు చేసే కంపెనీ యజమాని, గోడ నిండా బహుమతులు, చేతిలో పంచాంగం.

"ఇవాళ పొద్దుపోయింది. రేపు నా పుట్టిన ఏటికి పడదు. శుక్రవారం చూడు, 'కొత్త సామాను విప్పరాదు' అని ఉంది. ఆదివారంతో ఏడో నెల పడుతుంది. ఇంకేముంది, నెల వెళ్ళాక చూద్దాం."

"నెలంతా ఆగడానికి సర్వర్లలో చోటు లేదు సార్. ఇప్పటికే నిండుకొస్తోంది."

"దయ్యాల నెలలో కొత్త యంత్రం ఆన్ చేశామని తెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. నీకేం, నువ్వు మీ ఇంటికి పోతావ్."

చాంద్రమానం ఏడో నెలలో దయ్యాలు బయట తిరుగుతాయట; ఇల్లు మారకూడదు, బండి కొనకూడదు, పెళ్ళి చేసుకోకూడదు, రాత్రిళ్ళు బట్టలు బయట ఆరేసి ఉంచకూడదు. ఇప్పుడు డిస్కు కూడా బిగించకూడదట. ఏం మనుషులో. స్క్రూడ్రైవర్ మళ్ళీ సొరుగులో పడేశాను.

ఆగస్టు 1

కోపం తగ్గలేదు. తగ్గితే గానీ నిద్ర పట్టదు కాబట్టి రాస్తున్నాను.

మా దగ్గర సర్వర్లు పదకొండు. ఒకప్పుడు దేని డిస్కులు దానివి. ఒకదాంట్లో చోటు ఊరికే పడి ఉండేది, పక్కదాంట్లో చాలక జనం ఏడ్చేవాళ్ళు. అందుకని డిస్కులన్నీ ఒక్క చోట చేర్చి, ఎవరికి ఎంత కావాలంటే అంత అందులోంచే తీసుకునేలా అమర్చింది నేనే. మంచి పని చేశాననే ఇప్పటికీ అంటాను. కానీ తూ గారికి అందులో ఇంకో సుఖం కనబడింది. ఎవరి తెర మీద ఎంత చోటు కనబడాలో ఆ అంకె రాసేది నేను. ఉన్నదానికి మూడింతలు పంచిపెట్టించాడు. అందరూ ఒకేసారి వాడుకోరు కదా అన్నాడు. తెర మీద ఎవరికి వాళ్ళకి సముద్రమే. కింద ఉన్నది చెరువు.

నాన్న యూన్లిన్‌లో వీధి విందులకు వండేవాడు. పదిహేను బల్లలకి పిలిచి పది బల్లలకే వండమనే ఆసాములు ఆయనకూ తగిలేవారు. అందరూ రారులే అనేవారు. "పిలిచావంటే వస్తాడనే వండాలి" అని నాన్న ఆ బేరం వదిలేసుకుని వచ్చేసేవాడు. నేను వదిలేసుకుని రాలేదు. నెల తిరిగితే ఇంటి అద్దె కట్టాలి.

ఆగస్టు 2

మధ్యాహ్నం షూజెన్ అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ వస్తే నాకు భయం. ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"అమ్మాయ్, నాది భద్రమేనా?"

"భద్రమే అక్కా. నీ తెర మీద చూడు, ఎంత ఖాళీ ఉందో."

"తెర మీద చూశాలే. నీ నోటితో చెబుతావని వచ్చా."

ఆరేళ్ళుగా తన సొంత సినిమా ఒకటి గీస్తోంది. పావుగంట సినిమా. తైనాన్ తీరంలో ఉప్పుమళ్ళు, అందులో పారతో ఉప్పు లాగి కుప్పవేసే ఒకావిడ. ఆ ఒకావిడ వాళ్ళమ్మే. పొద్దున అందరికంటే ముందు వచ్చి గీస్తుంది, తర్వాత రోజంతా కంపెనీ పని, మళ్ళీ భోజనాల వేళ గీస్తుంది. ఉమ్మడి చోటులో ఎవరికీ పట్టని మూల తూ గారు దయతలచి ఇచ్చాడు. బిల్లు కట్టే పని కాదు కనుక దానికి కాపీ తీయరు, కంపెనీ పద్ధతి అది. బయటి డిస్కు తెచ్చి పెట్టుకుని పట్టుకుపోదామన్నా వీల్లేదు, తమ ప్రకటనలు బయటికి పోతాయని ఖాతాదారులు ఒప్పుకోరు. అంటే ఉన్నది అక్కడ ఒక్కటే.

ఈసారి ఇంకో మాట కూడా అంది. "అమ్మ చూపు పోతోందే. డాక్టరు ఈ ఏడాదితో సరి అంటున్నాడు. పున్నమి పండక్కి తీసుకెళ్ళి చూపిస్తానని మాటిచ్చా. ఒక్క దృశ్యమే మిగిలింది."

"కొత్త డిస్కులు బిగించగానే మొదటి కాపీ నీదే అక్కా. కంపెనీ పద్ధతి గంగలో కలవనీ."

"అది చాలు" అని నా బల్ల మీద జామకాయ పెట్టి వెళ్ళింది. పచ్చిది, గట్టిది, ఆలూబుఖారా పొడి చల్లి తెచ్చింది. మొత్తం తిన్నాను.

ఆగస్టు 6

గావ్ దగ్గరికి వెళ్ళాను. ప్రకటనల జట్టుకి వాడు పెద్ద. ఉమ్మడి చోటులో దాదాపు సగం వాడి జట్టు పాత చెత్తే. నాలుగేళ్ళ కిందటి టూత్‌పేస్టు ప్రకటన, అందులో ఒక్కో పన్ను మెరుపుకి పాతిక రకాల నమూనాలు.

"కొంచెం తీసెయ్ గావ్. అందరికీ కావాలి."

"పనికొస్తాయేమో అక్కా."

"పళ్ళా?"

"ఏమో, మళ్ళీ అడుగుతారేమో. అయినా నా తెర మీద ఇంకా బోలెడు చోటు చూపిస్తోంది. లేనిదానికి గొడవ చేస్తున్నావా, ఉన్నదానికా?"

చూపిస్తున్న అంకె అబద్ధమని వాడికెలా చెప్పను. చెబితే అందరికీ తెలుస్తుంది, తెలిస్తే అందరూ ముందు మాకంటే మాకని నింపేసుకుంటారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆగస్టు 9

తొంభై శాతం నిండింది. ఎవరూ ఏమీ తీయలేదు.

ఆగస్టు 12

పొద్దుగూకకముందే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకున్నాను. వాన వస్తుందేమోనని. రాలేదు.

ఆగస్టు 16

ఇవాళ కంపెనీ పూజ. వీధిలో మెట్ల ముందు బల్లలు వేశారు. బిస్కెట్ల డబ్బాలు, నూడుల్స్, శీతల పానీయాలు, దయ్యాలు మొహం కడుక్కోవడానికి పళ్ళెంలో నీళ్ళూ కొత్త తువ్వాలూ. ఎండ మాడ్చేస్తోంది. దయ్యాల పేరిట కాగితం డబ్బులు కాల్చే డబ్బా దగ్గర గావ్ చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

తూ గారి అమ్మగారు వచ్చింది. కంపెనీ పేరుకి కొడుకుది, మాట ఆవిడది. అగరొత్తులు పట్టుకుని పైకి కూడా వచ్చింది, సర్వర్ గది దాకా. సర్వర్ మీద ఆకుపచ్చ గ్వాయ్‌గ్వాయ్ పొట్లం ఉందో లేదో చూసింది, తిప్పి దాని గడువు తేదీ చదివింది. పేరుకి అర్థమే 'బుద్ధిగా ఉండు', అలా యంత్రానికి చెప్పే చిరుతిండి అది. ఊళ్ళో ప్రతి సర్వర్ మీదా ఉంటుంది. ఆకుపచ్చదే ఉండాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. గడువు చూసి మార్చేది నేనే. ఉద్యోగంలో భాగం.

డిస్కుల పెట్టెల మీద ఆవిడ దయ్యాలు ముట్టకుండా ఎర్రగుడ్డ కప్పించింది. ఇదే సమయమని నోరు విప్పాను.

"అమ్మగారూ, ఆ పెట్టెలు ఒక్కసారి విప్పనివ్వండి. చోటు నిండిపోతే అందరి పనీ ఒకేసారి ఆగిపోతుంది. షూజెన్ అక్క సినిమా కూడా అందులోనే ఉంది, దానికి కాపీ కూడా లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు, అదే చెడ్డది.

"మీ నాన్న సంగతి విన్నానమ్మాయ్. ఏడో నెలలో కొత్త లారీ కొన్నాడు కదూ? నీకు కూడా నేను చెప్పాలా?"

నాన్న కొన్నది కొత్త లారీ కాదు, పాతది. పొయ్యిలూ బల్లలూ మోసుకుపోవడానికి కొన్నాడు. ఏడో నెలలో విందులు ఎక్కువ, అప్పుడే బండి కావాలి. దయ్యాలకి కూడా నేనే వండుతున్నా, నన్నేం చేస్తాయని నవ్వాడు. తీరం రోడ్డు మీద పోయాడు. బ్రేకుల వల్ల. పోలీసులు చెప్పారు, మెకానిక్ చెప్పాడు, నేను చూశాను.

ఆవిడకి తలూపి వచ్చేశాను. ఆవిడ పెట్టిన బిస్కెట్ డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను.

ఆగస్టు 17

బ్రేకుల వల్లే.

ఆగస్టు 22

తూ గారికి కొత్త పని దొరికింది. పున్నమి పండక్కి తినే తీపి చంద్రబిళ్ళల ప్రకటన. గావ్ జట్టుకి ఇంకా చోటు కావాలట.

"లేదు సార్" అన్నాను.

"లేకపోతే ఏం, ఉందని చూపించు. అంకె మార్చడానికి ఖర్చేముంది?"

"ఒకరోజు అందరూ నిజంగానే వాడతారు."

"నువ్వు ఎప్పుడూ ఇంతే పెయ్‌రోంగ్. పెళ్ళిలో చావు మాటలు. నెల వెళ్ళాక ఆరు పెట్టెలూ నీవే, ఊరేగించు."

మార్చాను. చాలా తేలిక, నాలుగు మీటలు నొక్కాలి, అంతే. గావ్ దూరం నుంచే బొటనవేలు పైకెత్తి చూపించాడు. షూజెన్ అక్క తన మూల కూర్చుని చివరి దృశ్యం గీస్తోంది. సాయంత్రం వెలుగులో ఉప్పు కుప్పలు, వాళ్ళమ్మ పార భుజానేసుకుని ఇంటికి నడుస్తుంది. అంతే దృశ్యం. ఆ నడక కోసం నెల రోజులు తీసుకుంది. ముసలాళ్ళు భుజం మీద బరువున్నప్పుడు ముందు మడమ ఎలా ఆనిస్తారో నాకు నడిచి చూపించింది. ఆఫీసు మధ్యలో, గొడుగు భుజానేసుకుని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆగస్టు 24

తొంభై అయిదు. గావ్‌ని మళ్ళీ అడిగాను. "చంద్రబిళ్ళలు అయ్యాక అక్కా" అన్నాడు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే.

ఆగస్టు 27

తొంభై ఏడు. తూ గారు పని మీద ఊరెళ్ళి కావ్‌ష్యుంగ్ నుంచి ఫోన్ చేశాడు. ఏమీ తేలలేదు. వాన.

ఆగస్టు 28

గావ్ గ్వాయ్‌గ్వాయ్ తినేశాడు.

మధ్యాహ్నం భోజనానికి దిగే తీరిక లేదట. సర్వర్ గదిలోకి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, నేను లేను, పొట్లం కనబడింది, విప్పాడు. నేను వచ్చేసరికి నేల మీద కూర్చుని వేళ్ళు నాక్కుంటున్నాడు.

"నీకు బుద్ధి ఉందా? మనిషి తినేదా అది?"

"ఆకలేసిందక్కా. కొబ్బరి వాసన కొట్టింది. ఇంకోటి పెడతాలే."

"ఇంకోటి పెడితే సరిపోతుందా? ఏడో నెల రా నాయనా, సరిగ్గా ఈ నెలలోనే నీకు ఆకలేసిందా!"

వాడు నోరు తెరుచుకుని చూశాడు. "నువ్వు ఇవన్నీ నమ్మవుగా అక్కా?"

నమ్మను. పద్ధతి పద్ధతే కదా, దాని కోసం తిట్టాను. కింద కొట్టుకి పరుగెత్తాను. పసుపు పొట్లాలే ఉన్నాయి. పసుపు పెడితే యంత్రం విశ్రాంతి తీసుకుంటుందంటారు. వీధి చివరి కొట్లో కూడా లేవు. రెండు స్టేషన్ల అవతల దొరికింది. పెట్టేసరికి సాయంత్రమైంది.

ఆగస్టు 29

ఆగిపోయింది.

ఆగస్టు 30

నిన్న రాయలేకపోయాను.

భోజనాలయి అందరూ కుర్చీల్లోకి వచ్చిన వేళ. గావ్ జట్టు చంద్రబిళ్ళల నిగనిగలు దించడం, అంటే యంత్రం చేత పూర్తి బొమ్మలు తీయించడం, మొదలుపెట్టింది, ఆ దించిన బొమ్మలన్నీ వచ్చి ఉమ్మడి చోటులో పడుతున్నాయి. సీరియల్ జట్టు వాళ్ళూ అప్పుడే తమ భాగం దించుకుంటున్నారు. షూజెన్ అక్క చివరి దృశ్యం కూడా సరిగ్గా అప్పుడే. అది దించితే సినిమా అయిపోయినట్టే, అందుకని పొద్దున్నే కొప్పులో కొత్త క్లిప్పు పెట్టుకుని వచ్చింది.

ముందు గావ్ అరిచాడు. తర్వాత సీరియల్ వాళ్ళు. ఆ తర్వాత అందరూ. ఎవరి తెర మీద చూసినా ఇంకా బోలెడు చోటు ఉందనే ఉంది, రాయబోతే మాత్రం రాయనివ్వడం లేదు. పదకొండు సర్వర్లూ ఒక్కసారే కొయ్యబారాయి. పిలిచిన వాళ్ళంతా ఒకేసారి వచ్చి కూర్చున్నారు నాన్నా, వడ్డించడానికి ఏమీ లేదు.

తూ గారు పరుగెత్తుకొచ్చాడు. "ఏదో ఒకటి తీసెయ్! పండగ ముంచుకొస్తోంది!"

"గావ్, నీ పాతవి తీసేస్తున్నా. ఒప్పుకుంటావా?"

"ఏవి, టూత్‌పేస్టా? తీసెయ్ అక్కా. అదెవడిక్కావాలి?"

ఇదే మాట ఈ నెల మొదట్లో అని ఉంటే. నేను వాణ్ణి కొట్టలేదు. తీసేశాను. చోటు వచ్చింది, సర్వర్లు ఒక్కొక్కటే లేచాయి. మధ్యలో రాస్తూ తెగిపోయినవి కొన్ని పాడయ్యాయి. చంద్రబిళ్ళలకి కాపీ ఉంది, వచ్చేశాయి. సీరియల్‌కి ఉంది, వచ్చేసింది.

షూజెన్ అక్క తన కుర్చీలోంచి లేవలేదు. అందరిదీ అయ్యేదాకా ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "అమ్మాయ్, నాది?"

ఆగస్టు 31

ఆవిడది రాలేదు.

చివరి దృశ్యం ఒక్కటే పోయి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఏది ఎక్కడుందో చెప్పే పట్టికే చెడిపోయింది. ఆరేళ్ళ బొమ్మలూ అక్కడే ఎక్కడో ఉన్నాయి, దారి లేదు. అచ్చంగా ఊరు ఉండి వీధుల పేర్లన్నీ చెరిపేసినట్టుంది. ఉన్న పనిముట్లన్నీ వాడాను. ఊళ్ళో తెలిసినవాళ్ళందరినీ అడిగాను. ఒకాయన తన ఇంటి నుంచే మా సర్వర్ లోపలికి చూసి "దీని మీద ఏం రాస్తున్నారు, మధ్యలో ఆపలేదా?" అన్నాడు. పాడైన తర్వాత కూడా చంద్రబిళ్ళలు ఆ ఉమ్మడి చోటులోకే దించుతున్నారు, ఆవిడ బొమ్మల మీద. ఆపమంటే తూ గారు ఆపలేదు.

సెప్టెంబర్ 1

ఆదివారమైనా వెళ్ళాను. షూజెన్ అక్క కూడా వచ్చి పక్కన కూర్చుంది. కొన్ని ముక్కలు పైకి వచ్చాయి. వాళ్ళమ్మ నడుం పైదాకా ఉంది, కింద బూడిదరంగు చారలు. ఇంకోదాంట్లో ఆకాశం ఉంది, ఉప్పు లేదు. ఒక్కటి మాత్రం పూర్తిగా వచ్చింది. ఖాళీ మడి, నీళ్ళలో మబ్బు, మనిషి లేదు.

"ఇది మూడో ఏడు గీసింది" అంది. కుర్చీ నా వైపు తిప్పుకుంది. "మిగతాది పోయిందనుకోనా అమ్మాయ్? అనుకోమంటే అనుకుంటా. నాకు తిన్నగా చెప్పు."

"పోయిందక్కా."

లేచి, నా తల మీద చెయ్యి వేసి, గొడుగు తీసుకుని వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబర్ 2

ఆఫీసంతా కారణం తేల్చేసింది. గావ్ గ్వాయ్‌గ్వాయ్ తిన్నాడు, మర్నాడే యంత్రాలు ఆగాయి. ఇంకేం కావాలి? అమ్మగారు ఫోన్ చేసి వాణ్ణి చెడామడా తిట్టిందట. వాడు దోషం పోవడానికి ఒక అట్టపెట్టెడు ఆకుపచ్చ పొట్లాలు మోసుకొచ్చి ప్రతి సర్వర్ మీదా నిలబెట్టి దణ్ణం పెట్టాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి వెధవకి.

"నా వల్లే కదక్కా?" అని నన్ను అడిగాడు.

కాదు, ఉన్నదానికి మూడింతలు పంచాం, అందుకని అని చెప్పాలి. "జరిగిందేదో జరిగింది" అన్నాను.

ఇవాళ్టితో ఏడో నెల అయిపోయింది.

సెప్టెంబర్ 5

పెట్టెలు విప్పారు. పంచాంగంలో దివ్యమైన రోజట. అమ్మగారు వచ్చింది, ఎర్రగుడ్డ తీసింది, అగరొత్తులు వెలిగించింది. నేను బిగించాను. అన్నట్టుగానే సగం రోజు పట్టింది. చోటు రెండింతలు దాటింది. జనం చప్పట్లు కొట్టారు. పైనాపిల్ కేకులు పంచారు.

తూ గారు మంచి హుషారు మీద ఉన్నాడు. అందరి ముందూ షూజెన్ అక్కని పిలిచాడు.

"షూజెన్, ఇక నీకు నీ సొంత చోటు. పెద్దది. కాపీ కూడా తీయిస్తా, కంపెనీ ఖర్చు. జరిగినదానికి నాకూ బాధగానే ఉంది. కానీ నన్ను అనకు సుమా. కావ్‌ష్యుంగ్ నుంచి ఫోన్ చేసి మరీ చెప్పా పెయ్‌రోంగ్‌కి. అంత ఇదిగా ఉంటే విప్పెయ్, మా అమ్మకి నేను చెప్పుకుంటా అన్నా. ఈవిడే, 'ఇంకెన్ని రోజులు సార్, నెల వెళ్ళనివ్వండి' అంది. మా అమ్మని మించిపోయింది!"

అందరూ నవ్వారు. అమ్మగారు మెచ్చుకోలుగా నా వైపు తలూపింది. గావ్ ఒక్కడే నవ్వలేదు. చేతిలో కేకు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు.

షూజెన్ అక్క నా వైపు తిరిగింది. "నిజమేనా?"

తలూపాను.

"ఎప్పుడు చెప్పాడు?"

"ఆగడానికి రెండు రోజుల ముందు."

ఆవిడ కేకు పొట్లం బల్ల మీద పెట్టేసింది. తూ గారికేసి చూసి మామూలు గొంతుతో అంది. "నాకెందుకండీ అంత చోటు? పెట్టుకోవడానికి ఏముంది?"

సెప్టెంబర్ 6

ఇరవై ఏడున ఏమీ తేలలేదని రాశాను. ఇప్పుడే వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఎవరి కోసం రాశానది? ఈ పుస్తకం ఇంకెవరూ చదవరు.

ఫోను పెట్టేశాక నడవాలోకి వెళ్ళాను. స్క్రూడ్రైవర్ తీసుకునే వెళ్ళాను. ఎర్రగుడ్డ అంచు పట్టుకున్నాను. వాన పడుతోంది, నాన్న పోయిన రోజు కూడా అలాగే వాన. నాన్న లారీ తాళంచెవికి కూడా అమ్మినవాళ్ళు దోషం తగలకుండా ఎర్ర రిబ్బను కట్టి ఇచ్చారు. ఆ రిబ్బను విప్పి ఇచ్చింది నేను. వెళ్ళు నాన్నా, ఇవన్నీ ఎవరు నమ్ముతారు అని నవ్వుతూ ఇచ్చాను. గుడ్డ వదిలేశాను.

షూజెన్ అక్క ఆరేళ్ళు అవతల గదిలో ఉన్నాయి. నేను దయ్యాల వైపు నిలబడ్డాను. తూ గారినీ, వాళ్ళమ్మనీ, గావ్‌నీ నెలంతా తిట్టుకున్నాను. తిలా పాపం తలా పిడికెడు అని సరిపెట్టుకుందామంటే నా పిడికిలే పెద్దదిగా ఉంది.

సెప్టెంబర్ 10

షూజెన్ అక్క నా బల్ల దగ్గరికి రావడం లేదు. నీళ్ళు పట్టుకోవడానికి కింది అంతస్తుకి వెళుతోంది.

సెప్టెంబర్ 17

పున్నమి పండగ. సెలవు. వీధిలో అందరూ మాంసం కాలుస్తున్నారు, పొగ. చంద్రబిళ్ళల ప్రకటన టీవీలో వచ్చింది. నిగనిగలాడుతోంది.

సెప్టెంబర్ 19

షూజెన్ అక్క తైనాన్ నుంచి వచ్చింది. మెట్ల దగ్గర ఎదురుపడ్డాను. దారి ఇవ్వకుండా నిలబడ్డాను, ఏదో ఒకటి అననీ అని.

"అమ్మ ఎలా ఉందక్కా?"

"ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదాంట్లో వెలుగు తెలుస్తుంది."

"మరి..."

"మరేముంది, నోటితో చెప్పా సినిమా. మొదటి నుంచీ చివరిదాకా. మంచం పక్కన కూర్చుని." నవ్వింది. నాకు ఆ నవ్వు వద్దు. "అమ్మ అంతా విని ఏమందో తెలుసా? ఉప్పు అలా లాగరే, తప్పు, పార తిరగేసి పట్టుకోవాలి అంది. ఆరేళ్ళూ తప్పు గీశానట. పోనీలే, ఇప్పుడు దిద్దే పని తప్పింది."

"అక్కా, నన్ను తిట్టు."

"నిన్ను తిడితే నీకు తేలికవుతుంది. నేనెందుకు తిట్టాలి?" అని పక్కనుంచి ఎక్కి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 20

కొత్త డిస్కుల్లో షూజెన్ అక్క పేరున తూ గారు పెట్టించిన చోటు అలాగే ఉంది. ఒక్క బొమ్మ మాత్రం పెట్టాను అందులో, నేనే. ఆ ఖాళీ మడి. మూడు కాపీలు తీశాను.

గావ్ వచ్చాడు. చంద్రబిళ్ళల తర్వాత కొత్త సంవత్సరం ప్రకటనలట. "ఆవిడ వాడుకోవట్లేదుగా అక్కా, ఆ చోటు మాకిచ్చెయ్."

లేదన్నాను. గట్టిగానే అన్నాను.

సెప్టెంబర్ 23

తూ గారు పిలిచి చెప్పాడు. కొత్తది కూడా అప్పుడే మూడింతలు పంచేశాడట. అంకెలు మార్చాలి.

సెప్టెంబర్ 24

మార్చాను. షూజెన్ అక్క చోటు గావ్‌కి ఇచ్చాను. పేరు తీసేముందు ఆవిడని అడిగాను. "తీసెయ్" అంది, తలెత్తకుండా. కంపెనీ పనే చేస్తోంది, పళ్ళు తోముకునే ఎలుగుబంటి బొమ్మ.

గ్వాయ్‌గ్వాయ్ పొట్లాల గడువు తేదీలు చూశాను. అన్నీ వచ్చే ఏడు దాకా ఉన్నాయి.